మోకాలికీ రందికీ నడుమ ఒక బిందె

"సార్, మోకాళ్లు పట్టేసినప్పటి సంది మా నాయన మనిషే మారిపోయిండు. తింటలేడు, మాట్లాడ్తలేడు. మోకాలికి, మనసుకు ఏం సంబంధం?" అని మన నల్లగొండ జిల్లా చండూరు నుంచి ఒకాయన ఫోన్ చేశాడు.

సగం జవాబు మన మాటలోనే ఉంది. జ్వరమొచ్చినా, రంది పట్టుకున్నా "పానం మంచిగ లేదు" అనే అంటాం. ముసలివాళ్లు దిగులని నోరు తెరిచి చెప్పరు. కాళ్లు గుంజుతున్నాయంటారు, ఆకలి లేదంటారు. ఇంట్లోవాళ్లు నొప్పి గోలీ వేస్తారు, తగ్గకపోతే గాలి సోకిందని తాయెత్తు కడతారు.

నొప్పితో నిద్ర చెడటం, నలుగురిలోకి పోలేకపోవడం అందరికీ తెలిసినవే, వాటిని వదిలేద్దాం. నన్ను పట్టుకున్నది కండ సంగతి. కండ అంటే ఎముకను లాగే తాడని చెప్పి ఇన్నేళ్లు పాఠం ముగించాను. అది సగం పాఠమే.

పప్పులో, పాలలో ట్రిప్టోఫాన్ అనే అమైనో ఆమ్లం ఉంటుంది. దాంతో మెదడు, మనసు తీరును నడిపే సెరటోనిన్ అనే రసాయనాన్ని చేసుకుంటుందని ఈమధ్య అందరూ చెబుతున్నారు గానీ, అది కొసరు. ఒంట్లో ఖర్చయ్యే ట్రిప్టోఫాన్‌లో 90 శాతానికి పైగా కైన్యురెనిన్ అనే పదార్థం దారిలో పోతుంది. ఒంట్లో వాపు సంకేతాలు పెరిగితే ఐడీఓ అనే ఎంజైమ్ చెలరేగి కైన్యురెనిన్‌ను ఇంకా పెంచుతుంది. ఇది రక్తం నుంచి మెదడులోకి దూరగలదు. అక్కడ మైక్రోగ్లియా అనే మెదడు కాపలా కణాలు దాన్ని క్వినోలినిక్ ఆమ్లంగా మారుస్తాయి. ఆ ఆమ్లం నాడీకణాల మీద సంకేతాలు అందుకునే ఎన్‌ఎండీఏ గ్రాహకాలను రెచ్చగొట్టి ఆ కణాలను సతాయిస్తుంది. దిగులు వచ్చే దారుల్లో ఇదొకటి.

ఇక మన బిందె దగ్గరికొద్దాం. ఫ్లోరైడ్ నీళ్లతో నడుములు వంగిన జిల్లా మనది. ఆ నీళ్లను బాగుచేసే ఒక పద్ధతికి ప్రపంచమంతా నల్లగొండ పేరే పెట్టుకుంది. నీళ్లలో సున్నం, పటిక వేసి ముందు జోరుగా, తర్వాత మెల్లగా కలపాలి. తెల్లటి తుట్టెలు కట్టి ఫ్లోరైడ్‌ను పట్టుకుని అడుగుకు దిగుతాయి. పైన తేరుకున్న నీళ్లు వంచుకోవాలి. కలపకుండా పటిక గడ్డ వేసి ఊరుకుంటే పని కాదు.

కండ చేసేదీ ఇంచుమించు ఇదే. అందులో క్యాట్ అనే ఎంజైమ్‌లున్నాయి. అవి కైన్యురెనిన్‌ను కైన్యురెనిక్ ఆమ్లంగా మారుస్తాయి. పేరులో తేడా ఒక్క అక్షరమే, కానీ రక్తం నుంచి మెదడు గడప దాటడం దీనికి చేతకాదు. అదే దీని తుట్టె కట్టడం. కాకపోతే బిందెలో పటిక మనం వేయాలి. కండలో మాత్రం కలిపేకొద్దీ పటిక దానంతటదే పుడుతుంది: కదిలినప్పుడు పెరిగే పీజీసీ-1ఆల్ఫా అనే ప్రొటీన్ ఈ ఎంజైమ్‌లను ఎక్కువగా తయారు చేయిస్తుంది. ఇంకో తేడా, బిందె అడుగున మడ్డి మిగులుతుంది, ఒంట్లోదేమో మూత్రంలో పోతుంది.

స్వీడన్‌లోని కరోలిన్‌స్కా ఇన్‌స్టిట్యూట్ వాళ్లు 2014లో దీన్ని ఎలుకల్లో చూపారు. కండలో ఆ ప్రొటీన్ ఎక్కువున్న ఎలుకలకు కైన్యురెనిన్ ఎక్కించినా దిగులు లక్షణాలు రాలేదు, మామూలు ఎలుకలకు వచ్చాయి. కండ ఏదో మంచి మందు విడుదల చేస్తుందని వెతకబోతే, విషం విరిచే పని బయటపడింది. మనుషుల్లోనూ వ్యాయామంతో కండలో క్యాట్‌లు పెరగడం తర్వాత కనిపించింది. అంతమాత్రాన ముసలితనపు దిగులంతా ఈ ఒక్క దారినే వస్తుందని కాదు. థైరాయిడ్, బీ12 లోపం, మందులు, పోయిన తోడు, ఇవన్నీ ఉంటాయి. డాక్టరుకు చూపించాల్సిందే.

వయసుతో కండ కరుగుతుంది, అంటే బిందె చిన్నదవుతుంది. మోకాలు పట్టేస్తే కలిపే కట్టె కూడా ఆగిపోతుంది.

ఇదంతా విని చండూరు ఆయన కాసేపు ఆగి అన్నాడు: "కష్టపెట్టొద్దని మంచినీళ్లు సుత మంచం కాడికే తెచ్చిస్తున్నం సార్."

చెంబు నిండా వద్దు, సగమే పోసి వాకిట్లో గద్దె మీద పెట్టమన్నాను. చేతికర్ర మాత్రం మంచం పక్కనే ఉంచమన్నాను.