పాటలో ఆ ఒక్క మాట: ఒక సినిమా ఎడిటర్ చెప్పే అపోహలు - వాస్తవాలు

సినిమా పాటలు ఎడిట్ చేస్తానని తెలిస్తే చాలు, పెళ్లి భోజనాల దగ్గర కూడా సెన్సార్ గురించే అడుగుతారు.

అపోహ: యూట్యూబ్‌లో వచ్చిందంటే పాట సెన్సార్ అయిపోయినట్టే.

కాదు. 1952 నాటి సినిమాటోగ్రాఫ్ చట్టం కింద సర్టిఫికెట్ తీసుకోవాల్సింది హాల్లో ఆడే సినిమాకి. నెట్‌లో ముందే వదిలే లిరికల్ వీడియోకి ఆ గొడవ లేదు. అందుకే ఫోన్లో విన్న మాట హాల్లో వినపడదు. జనం స్పీకర్లు పోయాయని ఈల వేస్తారు.

అపోహ: ద్వంద్వార్థం ఉంటే ఆ మాట మ్యూట్ చేస్తే సరి.

మ్యూట్ చేస్తే ఆ ఖాళీని జనమే పూరిస్తారు, ఇంకా గట్టిగా! అందుకే వేరే మాట పాడించి అతికిస్తాం. అది తాళానికి సరిపోతే చాలదు, పెదాలకీ సరిపోవాలి. ప, బ, మ పలకాలంటే పెదాలు కలవాలి. క్లోజప్‌లో హీరో పెదాలు మూసిన చోట 'క' వినిపిస్తే చిన్నపిల్లలు కూడా పట్టేస్తారు. ఒకసారి రిలీజ్‌కి రెండు రోజులుందనగా, అర్ధరాత్రి రచయితకి ఫోన్ చేసి "సార్, 'మ'తో మొదలయ్యే మూడక్షరాల మాట కావాలి" అన్నాను. ఆయన నిద్రమత్తులోనే ముంగిట, మల్లెలు, మెత్తగా అన్నారు. మూడోది పాత మాటకంటే ఘోరంగా ఉంది. మల్లెలతో బయటపడ్డాం.

అపోహ: పాత పాటలన్నీ పవిత్రం.

జ్యోతిలక్ష్మి, జయమాలిని క్లబ్ డాన్సులు ఏ కాలంవో ఇంట్లో పెద్దవాళ్లని అడగండి.

అపోహ: బూతు ఉందంటే రాసినవాడిదే తప్పు.

ఇక్కడ నేనూ ముద్దాయినే. 17వ శతాబ్దంలో క్షేత్రయ్య రాసిన పదాల్లో, అంటే అభినయించే పాటల్లో, ఉన్న శృంగారం ముందు ఇప్పటి సాహిత్యం ఏపాటి? కానీ పదం అభినయించేటప్పుడు నాయికకి ముఖం ఉంటుంది. కోపం, ఎత్తిపొడుపు, విరహం అన్నీ ఆ కళ్లలోనే. మేమేమో బీటు పడ్డప్పుడల్లా ముఖం వదిలేసి నడుముకి కట్ చేస్తాం. అదే స్టెప్పు వైడ్ షాట్‌లో ఉంచితే డాన్స్, ముక్కలు చేస్తే ఇంకేదో. 2025లో తెలంగాణ మహిళా కమిషన్ అసభ్య స్టెప్పుల మీద హెచ్చరించినప్పుడు పరిశ్రమలో అందరూ డాన్స్ మాస్టర్ల వైపే చూశారు. ఆ షాట్ ఎన్ని ఫ్రేములు ఉంచావని నన్నెవరూ అడగలేదు.

అపోహ: యూఏ 16+ అంటే పదహారు నిండనివాళ్లని హాల్లోకి రానివ్వరు.

2024 నుంచి యూఏని 7+, 13+, 16+ అని మూడుగా విడగొట్టారు. అది తల్లిదండ్రులకి సూచన మాత్రమే. గేటు దగ్గర వయసు చూసి ఆపాల్సింది పెద్దలకు మాత్రమే అని 'ఏ' సర్టిఫికెట్ ఇచ్చిన సినిమాకే. పిల్లాడితో వెళ్లాలో వద్దో టికెట్ కొనేముందు మీరే చూసుకోవాలి.