రేషన్ కార్డు పోయినోళ్ళు మళ్ళీ అప్లై చేసుకోవాలట, అసలు పోయిందెట్లా?

తెలంగాణలో రేషన్ కార్డుల గొడవ మళ్ళీ లేచింది. కొత్త కార్డులు ఇచ్చాం, సన్నబియ్యం ఇస్తున్నాం, ఇంకేం కావాలి అని ఒకళ్ళు. మా కార్డు ఎప్పుడో పీకేశారు, ఇప్పుడు కొత్తోళ్ళలాగా లైన్లో నిలబడమంటే ఎట్లా అని ఇంకొకళ్ళు. దీనికోసం ఎన్టీఆర్ రెండు రూపాయల బియ్యం దగ్గర్నుంచి ఎత్తుకోవాల్సిన పనేం లేదు, అదంతా అందరికీ తెలిసిందే. నా లెక్కలో 2016 దగ్గర మొదలెడితే చాలు.

అంతకుముందు కార్డు తీసేయాలంటే ఎవరో ఒకరు ఇంటికొచ్చేవాళ్ళు. వీఆర్వోనో ఇంకొకరో వచ్చి ఇల్లు చూసి, బండి ఉందా భూమి ఉందా అని అడిగి రాసుకుపోయేవాళ్ళు. ఆ పద్ధతిలో లంచాలు లేవా అంటే ఉన్నాయి, బోగస్ కార్డులు లేవా అంటే అవీ ఉన్నాయి. కానీ కొట్లాడటానికి ఎదురుగా ఒక మనిషి ఉండేవాడు.

2016 నుంచి ఆ పని సాఫ్ట్‌వేర్ చేతికి పోయింది. దాని పేరు సమగ్ర వేదిక. వేర్వేరు శాఖల దగ్గరున్న డేటా, అంటే బండ్ల రిజిస్ట్రేషన్లు, కరెంటు కనెక్షన్లు, ఆస్తి పన్ను లాంటివన్నీ ఒకచోట కలిపి, ఈ పేరు ఆ పేరు ఒకటేనా అని అది జత చేస్తుంది. కారు ఉందని తేలితే కార్డు కట్. చెప్పుకోడానికి బాగానే ఉంటుంది, కానీ మన పేర్లు ఎట్లా ఉంటాయో తెలుసు కదా, ఒకే ఊళ్ళో నలుగురు యాదగిరులు ఉంటారు, ఆధార్‌లో ఒక స్పెల్లింగు, కరెంటు బిల్లులో ఇంకో స్పెల్లింగు. హైదరాబాద్‌లో రిక్షా తొక్కే ఒకాయనని ఇట్లాగే కారు ఓనర్ చేసేసింది. ఆ కారు ఇంచుమించు అదే పేరున్న ఇంకొకాయనది. ఆయన చనిపోయాక కూడా భార్య ఆ బియ్యం కోసం కోర్టు దాకా వెళ్ళాల్సొచ్చింది.

2014 ఆగస్టు 19న సమగ్ర కుటుంబ సర్వే అంటే ఒక్కరోజులో రాష్ట్రంలో ప్రతి ఇంటి తలుపు కొట్టారు, దానికోసం ముంబై నుంచి, సూరత్ నుంచి జనం బస్సులెక్కి ఊళ్ళకొచ్చారు. రాసుకునేటప్పుడు తలుపు కొట్టిన ప్రభుత్వానికి తీసేసేటప్పుడు ఒక నోటీసు అంటించే ఓపిక లేకపోయింది. చాలామందికి తెలిసింది రేషన్ షాపులోనే. మా చిన్నమ్మ అట్లాగే సంచి పట్టుకుని పోయింది, మిషన్ మీద వేలు పెట్టింది, డీలర్ స్క్రీన్ వైపు చూసి "నీ నంబరు వస్తలేదమ్మా" అన్నాడు. ఎందుకు వస్తలేదు అంటే ఆయనకి మాత్రం ఏం తెలుసు పాపం. ఆఫీసుకి పొమ్మన్నాడు, ఆఫీసోళ్ళు "పైనుంచి పోయింది" అన్నారు. ఆ పైన ఎవరో ఆమెకి ఇప్పటికీ తెలీదు.

అధికారులు చెప్పేది ఒకటే, అనర్హులని ఏరేశాం, డబ్బు ఆదా అయింది అని. సరే. కానీ ఇట్లా పోయిన కార్డులు 19 లక్షల దాకా ఉన్నాయని కేసు సుప్రీంకోర్టుకి పోయింది, 2022 ఏప్రిల్‌లో కోర్టు ఇళ్ళకి వెళ్ళి మళ్ళీ చూడండి అని చెప్పింది. దాదాపు 4.9 లక్షల అర్జీలొచ్చాయి, ఆ జులై నాటికి చూసింది 2 లక్షల పైచిలుకు, అందులో 15 వేల పైచిలుకు కుటుంబాలు అర్హులేనని తేలింది. చూసినవాటిలోనే వందకి ఏడెనిమిది తప్పు. ఏళ్ళ తరబడి ఆ ఇళ్ళు బియ్యం కొనుక్కునే తిన్నాయి, ఆ డబ్బులెవరిస్తారు?

ఇక చేర్చే సంగతి. ఏళ్ళకేళ్ళు కొత్త కార్డుల్లేవు, 2021 జులైలో హుజూరాబాద్ ఉపఎన్నిక ముందు 3 లక్షల పైచిలుకు ఇచ్చి మళ్ళీ ఆపేశారు. పెళ్ళైన అమ్మాయి పేరు పుట్టింటి కార్డులో తీసేయించుకోవడం తేలిక, అత్తగారింట్లో ఎక్కించడమే కష్టమయ్యేది. పుట్టిన పిల్లలు బడికెళ్ళే వయసొచ్చినా కార్డులో ఎక్కలేదు. తీసేయడానికి అర్జీ అక్కర్లేకపోయింది, చేర్చడానికి ఎన్ని అర్జీలు పెట్టినా చాల్లేదు.

బియ్యం ఒక్కటే అయితే ఇంత లొల్లి ఉండేది కాదేమో. 2024 ఫిబ్రవరిలో 500కి గ్యాస్, 200 యూనిట్ల ఉచిత కరెంటు మొదలైతే రెండిటికీ రేషన్ కార్డే అడిగారు. అదే ఏడాది రుణమాఫీలో కుటుంబం ఏదో తేల్చడానికి కూడా దాన్నే ముందు పెట్టి తర్వాత సర్దుకున్నారు. అంటే 2016 తర్వాత సాఫ్ట్‌వేర్ తీసేసిన ఒక్క కార్డుతో ఇప్పుడు నాలుగైదు పథకాలు పోయినట్టు.

2023 డిసెంబరు 28 నుంచి 2024 జనవరి 6 దాకా పథకాల కోసం ప్రజాపాలన పేరుతో దరఖాస్తులు తీసుకున్నప్పుడు ఫారంలో రేషన్ కార్డు నంబరు రాయమన్నారు, కార్డే లేనోళ్ళు ఏం రాయాలి? తెల్లకాగితం మీద విడిగా రాసిచ్చారు. ఆ కాగితాలు ఏమయ్యాయో అనుకుంటుండగా 2025 జనవరి 21 నుంచి 24 దాకా గ్రామసభల్లో లిస్టులు చదివారు. అవి 2024 చివర్లో చేసిన కులగణన సర్వే చూసి తయారుచేసినవి, అర్జీ పెట్టినోళ్ళ పేర్లు చాలా వాటిలో లేవు, సభల్లో అధికారుల్ని నిలదీశారు. మళ్ళీ అదే, జనం చేతిలో కాగితం ఒకటి, ప్రభుత్వం చేతిలో లిస్టు ఇంకొకటి. ఫిబ్రవరిలో మీసేవలో తీసుకుంటామనగానే జనం ఎగబడ్డారు, అప్పటికే పెట్టినోళ్ళు మళ్ళీ పెట్టక్కర్లేదని ప్రభుత్వం చెప్పినా ఎవరు నమ్ముతారు, రిస్కెందుకని ఇంకో యాభై పెట్టి జిరాక్సులు తీయించారు.

2025 జులై 14న సూర్యాపేట జిల్లా తిరుమలగిరిలో కొత్త కార్డుల పంపిణీ మొదలైంది, అది మాత్రం నిజంగా జరిగింది, కాదనను. మా చిన్నమ్మ కోడలి పేరు వచ్చింది. చిన్నమ్మది రాలేదు. పాత నంబరు రద్దైంది కాబట్టి కొత్తగా పెట్టుకోమన్నారు. ఎందుకు రద్దైంది అన్న ప్రశ్నకి ఆ అప్లికేషన్లో కాలమ్ లేదు.