ఆ 20 పాయింట్ల పట్టీ ఎవరిది?

ఫోన్‌లో సిస్టమ్ అప్‌డేట్ పడిన మర్నాడు కొన్ని యాప్‌లు వింతగా తయారవుతాయి. పైనున్న శీర్షిక గడియారం అంకెల మీద పడి రెండూ చదవడానికి రావు. అడుగునున్న ‘సేవ్’ బటన్ సగం, ‘వెనక్కి’, ‘హోమ్’ గుర్తులుండే నావిగేషన్ బార్ కిందికి దూరిపోతుంది. వాడేవాళ్లు యాప్‌ని తిడతారు, యాప్ రాసినవాళ్లు ఆపరేటింగ్ సిస్టమ్‌ని తిడతారు. నిజానికి ఇది గట్టు తగాదా. తెర అంచున ఉన్న ఆ సన్నని పట్టీ ఎవరిదన్నదే పేచీ.

2007లో వచ్చిన మొదటి ఐఫోన్ తెర 320 × 480 పిక్సెళ్లు. 2010లో ఐఫోన్ 4 వచ్చి పిక్సెళ్లను రెండు వైపులా రెట్టింపు చేసింది. అయినా లేఅవుట్, అంటే తెర మీది అమరిక, కొలిచేది పిక్సెళ్లు పెరిగినా మారని ‘పాయింట్ల’లో కాబట్టి లెక్క మారలేదు. పైన 20 పాయింట్లు గడియారం, బ్యాటరీ చూపించే స్టేటస్ బార్‌వి, మిగతా 460 యాప్‌వి. అంత స్పష్టంగా ఉన్నాక డెవలపర్లు ఆ అంకెలనే నేరుగా కోడ్‌లో రాసేశారు. అప్పటికి అది తప్పని ఎవరూ అనలేరు కూడా. 2012లో ఐఫోన్ 5 తెర ఎత్తు 568 పాయింట్లకు పెరిగింది. సర్దుకోని యాప్‌లకు పైనా కిందా నల్ల పట్టీలు వచ్చాయి. అదే ఏడు ఐఓఎస్ 6తో ఆటో లేఅవుట్ వచ్చింది. బటన్ ఎక్కడుండాలో అంకెల్లో చెప్పకుండా, ఏ అంచుకు ఎంత ఎడంగా ఉండాలో చెప్పే పద్ధతి అది. మంచిదే, కానీ మొదట్లో దానితో పడ్డ తిప్పలు తలుచుకుంటే, 20 అని రాసేసి చేతులు దులుపుకున్నవాళ్లను తప్పుపట్టబుద్ధి కాదు.

గట్టు చెరిగిపోయింది 2013 సెప్టెంబరులో. ఐఓఎస్ 7 స్టేటస్ బార్‌ను పారదర్శకం చేసి, యాప్ తెరను దాని వెనక నుంచి పై అంచు దాకా పరిచింది. పాత ఎస్‌డీకేతో (యాప్‌లు తయారుచేసే సాధనాల మూట) కట్టిన యాప్ పాత రూపంలోనే నడిచేది. కొత్తదానితో మళ్లీ కట్టగానే చాలా యాప్‌లలో అంతా 20 పాయింట్లు పైకి జరిగి గడియారం వెనక్కి దూరేది. దానికి విరుగుడుగా చాలామంది పట్టుకున్నదీ ఆ 20నే: ‘ఐఓఎస్ 7 అయితే 20 కలుపు’. పై అంచు ఎక్కడుందో సిస్టమ్‌నే అడిగి తెలుసుకునే దారి కూడా అప్పుడే వచ్చింది, కానీ పని గడిచిపోతుంటే ఎవరు అడుగుతారు? కూర్చుని ఆలోచించే వ్యవధీ తక్కువే. 2014 ఫిబ్రవరి 1 నుంచి యాప్ స్టోర్‌కు పంపే యాప్‌లన్నీ ఐఓఎస్ 7కి తగ్గట్టు ఉండాలని ఆపిల్ గడువు పెట్టింది.

అడగనందుకు మూల్యం 2017లో చెల్లించాల్సి వచ్చింది. ఐఫోన్ టెన్ నాచ్‌తో, అంటే పై అంచున కెమెరా కోసం తెరలో కోసిన గంటుతో, వచ్చింది. ఫోన్ నిలువుగా పట్టుకుంటే పైన వదలాల్సిన జాగా 20 కాదు, 44. హోమ్ బటన్ పోయి, దాని బదులు వచ్చిన గీత కోసం అడుగున ఇంకో 34. తెరలో ఏ మేర అడ్డం లేకుండా ఉందో సిస్టమే చెప్పేలా ఐఓఎస్ 11 తెచ్చిన ‘సేఫ్ ఏరియా’ను నమ్ముకున్నవాళ్లు పెద్దగా ఇబ్బంది పడలేదు.

ఆండ్రాయిడ్‌లో తెర కొలతలు తొలినాళ్ల నుంచే రకరకాలు, అందుకే అక్కడ డీపీల్లో (ఐఫోన్ పాయింట్ల లాంటి కొలత) కొలిచే అలవాటు ముందే పడింది. గట్టు మాత్రం అక్కడ ఎక్కువ కాలం నిలిచింది. 2013లో ఆండ్రాయిడ్ వెర్షన్ కిట్‌క్యాట్ బార్‌లను సగం పారదర్శకం చేసుకునే వీలిచ్చినా, అది ఇష్టమున్నవాళ్లకే. 2019లో ఆండ్రాయిడ్ 10 అంచుల మీదే చెయ్యి వేసింది. ఎడమ అంచు నుంచి వేలితో లాగితే అప్పటిదాకా చాలా యాప్‌లలో మెనూ తెరుచుకునేది. బటన్ల బదులు వేలి కదలికలతో ఫోన్ నడిపే జెశ్చర్ నావిగేషన్‌లో ఆ కదలిక ‘వెనక్కి’ అయిపోయింది. అంచులో కొంత మేర తమకు వదలమని యాప్‌లు అడగొచ్చు, కానీ ఒక్కో పక్కన 200 డీపీలకు మించి దొరకదు. సొంత తెరలో చోటు కోసం అర్జీ పెట్టుకోవడమన్నమాట.

బార్‌ల వెనక దాకా తెర పరచడాన్ని 2024లో ఆండ్రాయిడ్ 15 తప్పనిసరి చేసింది. ఆ వెర్షన్‌ను లక్ష్యంగా పెట్టుకున్న, అంటే దాని నియమాల ప్రకారం నడుస్తానని ప్రకటించుకున్న యాప్ తెర ఈ చివరి నుంచి ఆ చివరి దాకా పరుచుకుంటుంది. బార్‌ల కింద ఏమీ నలగకుండా చూసుకోవడం యాప్ పని. వద్దనుకుంటే ఒక మినహాయింపు ఇచ్చారు, కానీ మినహాయింపు అంటే ఇక్కడ వాయిదా అనే అర్థం. 2025లో ఆండ్రాయిడ్ 16ను లక్ష్యంగా పెట్టుకున్న యాప్‌లకు అదీ తీసేశారు. పాత లక్ష్యంతోనే ఉండిపోదామన్నా స్టోర్ ఊరుకోదు. 2025 ఆగస్టు 31 నుంచి గూగుల్ ప్లేలో కొత్త యాప్‌లూ అప్‌డేట్‌లూ ఆండ్రాయిడ్ 15నైనా లక్ష్యంగా పెట్టుకోవాల్సిందే. అదే ఏడు ఐఓఎస్ 26 ‘లిక్విడ్ గ్లాస్’ అనే కొత్త రూపంతో, యాప్ అడుగునుండే ట్యాబ్ బార్‌ను గాజు బిళ్లలా తేలించింది. పాత రూపం ఉంచుకునే వెసులుబాటు ఉన్నా, అది తాత్కాలికమేనని ఆపిల్ ముందే చెప్పేసింది.

పై అంచు, కింది అంచు అయ్యాయి, ఇక వెడల్పు వంతు. కనీస వెడల్పు 600 డీపీలు, ఆపైన ఉన్న తెరల మీద, ఆండ్రాయిడ్ 16ను లక్ష్యంగా పెట్టుకున్న యాప్ ‘నిలువుగానే ఉంటాను’ అని భీష్మించినా సిస్టమ్ వినదు. గేమ్‌లను మాత్రం వదిలేశారు. మిగతావాటికి ఇప్పటికి ఒక మినహాయింపు ఉంది.