ఊరంతా చీకటైనా ఆ పోలీస్ స్టేషన్‌లో మాత్రం లైట్లు వెలిగాయి

2003 ఆగస్టు 14, సాయంత్రం నాలుగు దాటిందో లేదో అమెరికా ఈశాన్యంలోనూ కెనడాలో కొంతవరకూ కరెంటు పోయింది. ఒకరా ఇద్దరా, దాదాపు 5 కోట్ల మందికి. న్యూయార్క్‌లో సబ్‌వే రైళ్లు ఎక్కడివక్కడే ఆగిపోయాయి, జనం బ్రిడ్జిల మీదుగా నడుచుకుంటూ ఇళ్లకి పోయారు. సెంట్రల్ పార్క్ మధ్యలో ఉన్న పోలీస్ స్టేషన్‌కి మాత్రం ఏమీ కాలేదు, ఎందుకంటే అది అప్పటికే 1999 నుంచి 200 కిలోవాట్ల ఫ్యూయల్ సెల్ మీద నడుస్తుండేది.

తమాషా ఏంటంటే దాన్ని పెట్టింది బ్లాకౌట్‌కి భయపడి కాదు. ఆ బిల్డింగ్ ఎప్పుడో 19వ శతాబ్దంలో గుర్రాల సాలగా కట్టింది, వచ్చే లైన్ చాలట్లేదు, కొత్త కేబుల్ లాగాలంటే పార్కు తవ్వాలి, ఆ ఖర్చూ ఆ గొడవా చూసి దానికంటే ఫ్యూయల్ సెల్లే నయం అనుకున్నారు.

ఇంతకీ ఫ్యూయల్ సెల్ అంటే ఏంటి? స్కూల్లో నీళ్లలో రెండు వైర్లు పెట్టి, కరెంటు పంపి హైడ్రోజన్, ఆక్సిజన్ బుడగలు తెప్పించాం కదా, దాన్నే వెనక్కి తిప్పితే ఇది. 1839లోనే విలియం గ్రోవ్ అనే బ్రిటన్ శాస్త్రవేత్త చేసి చూపించాడు. ఒకవైపు హైడ్రోజన్, ఇంకోవైపు గాలిలోని ఆక్సిజన్, మధ్యలో ఎలక్ట్రోలైట్ అనే పదార్థం. ప్లాటినం తగలగానే హైడ్రోజన్ నుంచి ఎలక్ట్రాన్ విడిపోతుంది, మిగిలిన ప్రోటాన్ ఎలక్ట్రోలైట్‌లోంచి దూరిపోతుంది, ఎలక్ట్రాన్‌కి ఆ దారి లేదు కాబట్టి వైరులోంచి చుట్టూ తిరిగి రావాలి, ఆ తిరగడమే మనకి కరెంటు. అవతల అందరూ కలిసి నీళ్లవుతారు. అపోలో వ్యోమగాములు తాగిన నీళ్లు ఇలా వచ్చినవే! మంట లేదు, పొగ లేదు, జనరేటర్‌లా డబడబా మోత లేదు. కాకపోతే ఒక సెల్ ఇచ్చేది 0.7 వోల్టులే, టార్చిలైటు బ్యాటరీలో సగం కూడా కాదు, అందుకే ఇడ్లీ ప్లేట్లలా వందల సెల్స్ దొంతరగా పేరుస్తారు.

ఇక్కడొక మెలిక ఉంది. సెంట్రల్ పార్క్ మెషీన్‌లోకి నేరుగా హైడ్రోజన్ పోయలేదు, పైపులో వచ్చే నేచురల్ గ్యాస్‌ని లోపలే విరగ్గొట్టి హైడ్రోజన్ తీసుకునేది, అంటే కార్బన్ డయాక్సైడ్ బయటికి వస్తూనే ఉండేది. "నీళ్లు తప్ప ఏమీ రావు" అని ఎవరైనా చెప్తే, హైడ్రోజన్ ఎక్కడిది బాబూ అని అడగాలి.

సోలార్‌తో తీస్తే? తీయొచ్చు, మన వైజాగ్ దగ్గరే సింహాద్రిలో ఎన్టీపీసీ వాళ్లు 2021లో అలాంటి ప్రాజెక్టుకే ఆర్డర్ ఇచ్చారు. ప్లాన్ ఏంటంటే రిజర్వాయర్ మీద తేలే సోలార్ ప్యానెళ్ల కరెంటుతో పగలు హైడ్రోజన్ తయారుచేసి, సాయంత్రం 5 నుంచి పొద్దున 7 దాకా 50 కిలోవాట్ల ఫ్యూయల్ సెల్ నడపడం. కానీ లెక్క చూస్తే కొంచెం గుండె కలుక్కుమంటుంది. మామూలు ఎలక్ట్రోలైజర్‌తో, అంటే కరెంటుతో నీళ్లని విడగొట్టే మెషీన్‌తో, కిలో హైడ్రోజన్‌కి 50 యూనిట్ల పైనే పడుతుంది, ఆ కిలోని మళ్లీ కరెంటు చేస్తే చేతికొచ్చేది సుమారు 16, 17 యూనిట్లు. అదే లిథియం బ్యాటరీలో దాస్తే 85 శాతం పైనే తిరిగొస్తుంది. రోజూ రెండు గంటల కోతకి హైడ్రోజన్ అంటే నేనైతే ఒప్పుకోను.

రోజుల తరబడి పోతే మాత్రం సంగతి వేరు. 2014 అక్టోబర్ 12న హుద్‌హుద్ తుఫాను కొట్టినప్పుడు వైజాగ్‌లో చాలా ఏరియాలకి రోజులకొద్దీ కరెంటు లేదు, మా పిన్ని వాళ్ల వీధిలో ఇన్వర్టర్లు మొదటి రాత్రే చేతులెత్తేశాయి, బాబాయ్ డబ్బా పట్టుకుని డీజిల్ కోసం బంకు దగ్గర నిలబడ్డారు. బ్యాటరీతో నాలుగు రోజులు నెట్టుకురావాలంటే నాలుగు రోజులకి సరిపడా బ్యాటరీలు కొనాలి, హైడ్రోజన్ అయితే మెషీన్ అదే, ఇంకో నాలుగు సిలిండర్లు పెంచుకుంటే చాలు. సముద్రం ఒడ్డున ఉన్న ఆస్పత్రికి, తుఫాను షెల్టర్‌కి పెట్టండి అంటే నేను చెయ్యెత్తుతాను, ఎండ బాగా కాసే రోజుల్లో మిగిలిన కరెంటుతో ముందే నింపి పెట్టుకుంటే.