సంచిలో పడని వరుసలు: ఔట్-ఆఫ్-బ్యాగ్ లెక్క వెనుక కథ

ర్యాండమ్ ఫారెస్ట్ అంటే వందల డెసిషన్ ట్రీల (ప్రశ్నల మీద ప్రశ్నలతో జవాబుకు చేరే 'చెట్ల') ఓట్లతో జవాబు చెప్పే మోడల్. దాన్ని నేర్పిన డేటా మీదే పరీక్షిస్తే తప్పులు దాదాపు సున్నా అని చూపిస్తుంది. చెట్లను చివరిదాకా పెరగనిస్తాం కనుక, ప్రతి చెట్టూ తాను చూసిన డేటా పట్టికలోని వరుసలను బట్టీ పట్టేస్తుంది. అసలు తప్పు ఎంతో తేలాలంటే 1970ల నుంచీ క్రాస్ వ్యాలిడేషన్ ఉంది: డేటాను భాగాలు చేసి, ప్రతిసారీ ఒక భాగాన్ని పక్కన పెట్టి మిగతావాటితో నేర్పి, ఆ భాగం మీద పరీక్షించడం. కానీ వందల చెట్ల మోడల్‌ను పదేసి సార్లు మళ్లీ కట్టడం తలకు మించిన పని.

దారి బూట్‌స్ట్రాప్‌లోనే దొరికింది. ఉన్న డేటాలోంచే, తీసింది మళ్లీ లోపల వేస్తూ నమూనాలు తీసే పద్ధతి ఇది. గణాంక శాస్త్రవేత్త బ్రాడ్లీ ఎఫ్రాన్ 1979లో ఇచ్చిన దీన్ని లియో బ్రైమన్ 1996లో బ్యాగింగ్‌గా, అంటే ఒక్కో చెట్టుకూ ఒక్కో నమూనాతో నేర్పే పద్ధతిగా మలిచారు. ఒక్కో వరుసకూ ఒక్కో చీటీ చొప్పున పది చీటీలున్న సంచిలోంచి ఒకటి తీసి, నంబరు రాసుకుని, మళ్లీ లోపలే వేస్తూ పదిసార్లు తీయండి. 3, 7, 3, 1, 10, 7, 5, 3, 8, 1 వచ్చాయనుకుందాం. 2, 4, 6, 9 అసలు రాలేదు. ఈ నమూనాతో నేర్పిన చెట్టుకు ఈ నాలుగూ కొత్తవే. డేటా పెద్దదైతే ఇలా మిగిలేవి సుమారు 36.8 శాతం. ప్రతి వరుసకూ దాన్ని చూడని చెట్ల చేతే ఓటు వేయిస్తే, విడిగా టెస్ట్ డేటా లేకుండానే తప్పు అంచనా వచ్చేస్తుంది. ఇదే ఔట్-ఆఫ్-బ్యాగ్ (సంచి బయటి) అంచనా. 1996లోనే గణాంక శాస్త్రవేత్త టిబ్‌షిరాని కూడా ఇదే ఆలోచన చెప్పారు. 2001 నాటి ర్యాండమ్ ఫారెస్ట్‌లో ఇది భాగమైపోయింది.

చెట్ల సంఖ్య దగ్గర జాగ్రత్త. 100 చెట్లున్నా ఒక్కో వరుసకు ఓటేసేవి సగటున 37 మాత్రమే, అందుకే చెట్లు తక్కువైతే తప్పు కాస్త ఎక్కువగా కనిపిస్తుంది. పది చెట్లే అయితే నూటికో వరుసకు ఒక్క ఓటూ పడదు. 500 పెడితే ఈ బెడద ఉండదు. ఆర్ (R) ప్రోగ్రామింగ్ భాషలోని ర్యాండమ్‌ఫారెస్ట్ ప్యాకేజీలో ఇంకో ఉచ్చు ఉంది: అంచనాలిచ్చే ప్రెడిక్ట్ ఫంక్షన్‌కు కొత్త డేటా ఇవ్వకపోతే ఔట్-ఆఫ్-బ్యాగ్ అంచనాలు వస్తాయి, ట్రైనింగ్ డేటానే మళ్లీ ఇస్తే ఆ బట్టీ ఫలితాలే వస్తాయి.

అసలు ప్రమాదం డేటాలోనే ఉంటుంది. ఒకే రోగివి ఐదు వరుసలుంటే, ఒకటి బయట పడినా మిగతావాటిలో కొన్ని సంచిలోకి వెళ్తాయి. చెట్టు ఆ రోగిని ముందే చూసేసినట్టే. తక్కువ ఉన్న తరగతిని నకళ్లతో పెంచినా ఇదే గతి. అలాంటప్పుడు ఔట్-ఆఫ్-బ్యాగ్ అంకెను పక్కన పెట్టి, రోగుల వారీగా భాగాలు చేసి క్రాస్ వ్యాలిడేషన్ చేయాలి. కాలక్రమంలో వచ్చే డేటా అయితే పాత నెలలతో నేర్పి తర్వాతి నెలలతో పరీక్షించాలి. కాలమ్‌ల ఎంపిక మొత్తం డేటా చూసి ముందే చేసేసి ఉంటే, ఆ పక్షపాతాన్ని ఔట్-ఆఫ్-బ్యాగ్ పట్టుకోలేదు. ఎంపికను కూడా ఒక్కో భాగం లోపలే చేయాలి.