పర్లాకిమిడి సంతలో రోబో

2010లో వచ్చిన శంకర్ 'రోబో'లో చిట్టి పుస్తకం చేతిలోకి తీసుకుని క్షణంలో చదివేస్తాడు. ఫైట్ల కన్నా నాకు బాగా గుర్తున్న సీన్ అదే. ఇవాళ్టి కృత్రిమ మేధ కూడా రాసిపెట్టిన దాన్ని కుప్పలుగా మింగే నేర్చుకుంటోంది కాబట్టి ఆ ఊహలో తప్పేమీ లేదు. మరి పుస్తకంలోకి ఎక్కని మాటను చిట్టి ఎలా నేర్చుకుంటాడు?

ఒడిశా గజపతి జిల్లా పర్లాకిమిడి వైపు ఇది ఊరికే వచ్చిన సందేహం కాదు. సంతకు కొండచీపుర్లు, చింతపండు తెచ్చిన సవర ఆడవాళ్లు తమలో తాము సవరలో మాట్లాడుకుంటారు. షావుకారు బేరం ఒడియాలో మొదలెట్టి, తూకం దగ్గరికి వచ్చేసరికి తెలుగులోకి దిగి, చివర్లో రెండు సవర ముక్కలు కలుపుతాడు. ఎవరికీ ఏ ఇబ్బందీ ఉండదు. అక్కడ ఓ మనిషి ఆకారపు రోబోను నిలబెడితే, కాళ్లూ చేతుల సంగతి అలా ఉంచండి, దాని కష్టాలు చెవి దగ్గరే మొదలవుతాయి.

మాటను రాతగా మార్చే ప్రోగ్రామ్‌కు బోలెడన్ని రికార్డింగులు, వాటికి సరిపోయే రాత కావాలి. ఓపెన్‌ఏఐ 2022లో విడుదల చేసిన విస్పర్‌కు 6,80,000 గంటల ఆడియోతో శిక్షణ ఇచ్చారు. అందులో ఇంగ్లీషు కాకుండా మరో 96 భాషల్లో విన్నది విన్నట్టు రాయడం కోసం వాడింది 1,17,000 గంటలు. ఆ జాబితాలో తెలుగు ఉంది. సవర సరే, కోట్లమంది మాట్లాడే ఒడియా కూడా లేదు. పైగా అది 30 సెకన్ల ముక్క తీసుకుని, ముందు ఏ భాషో తేల్చుకుని, ఆ తర్వాత రాస్తుంది. మన షావుకారు ఆ 30 సెకన్లలో మూడు భాషలు తిరిగొస్తాడు.

రాతలో ఇంకో చిక్కుంది. కంప్యూటర్లు ఎక్కువగా వాడే యూటీఎఫ్-8 పద్ధతిలో ఇంగ్లీషు అక్షరానికి ఒక్క బైటు చాలు. మనం 'స్త్రీ' అని రాస్తే లోపల ఆరు సంకేతాలు, ఒక్కోదానికి మూడు చొప్పున 18 బైట్లు. చాట్‌బాట్ వాక్యాన్ని టోకెన్లనే ముక్కలుగా కోసుకుని, తర్వాత ఏ ముక్క వస్తుందో ఊహిస్తూ పోతుంది. ఎక్కువగా చూసిన మాట ఒకే ముక్కగా నిలుస్తుంది, అరుదుగా చూసిన భాష పొడిపొడి అయిపోతుంది. మంగే గొమాంగో 1936లో సవరకు తయారుచేసిన సొరంగ్ సొంపెంగ్ లిపి, కంప్యూటర్లలో అక్షరాలకు సంకేతాలిచ్చే యూనికోడ్‌లోకి వచ్చిందే 2012లో. అందులో అక్షరానికి నాలుగు బైట్లు. సవర ముండా కుటుంబపు భాష, కర్మ వెళ్లి క్రియలో కలిసిపోతుంది. తెలుగో ఒడియానో చదివి దాన్ని ఊహించడం కుదరదు.

పుస్తకం లేని ఆ భాషను నేర్చుకున్న మనిషి ఇదే ఊళ్లో ఉండేవారు. గిడుగు రామమూర్తి పంతులు రాజావారి బడిలో మాస్టారుగా ఉంటూ, తెలుగు వచ్చిన సవరను ఇంట్లో పెట్టుకుని భాష నేర్చుకున్నారు. కొండల్లో తిరిగి మలేరియా తెచ్చుకున్నారు. వాడిన క్వినైన్‌కు వినికిడి పోయింది. అయినా 1931లో సవర వ్యాకరణం, ఆ తర్వాత నిఘంటువు అచ్చయ్యాయి. ఇవాళ్టి మాటల్లో అది డేటా సేకరణే. అర్థం కానప్పుడు ఎదుటి మనిషిని అడిగే వీలు ఆయనకుంది. శిక్షణలో ఉన్న మోడల్‌కు, అంటే చాట్‌బాట్ లోపలి ప్రోగ్రామ్‌కు, ఆ వీలు లేదు, దొరికిన రాతే దాని లోకం.

మన తెలుగువాళ్ల సంగతీ అంతే. బరంపురం, రాయగడ, గుణుపురం వైపు ఎన్నో ఇళ్లలో పిల్లలు ఒడియాలోనో ఇంగ్లీషులోనో చదువుతారు. తెలుగు గలగలా మాట్లాడతారు, రాయరు. పత్రికల తెలుగు మోడల్‌కు బాగానే వచ్చు. ఒడియా కలిసిన ఈ వంటింటి తెలుగు దాని దాకా వెళ్లనే లేదు, నాకు బాధంతా అక్కడే.

2025లో కేంద్రం తెచ్చిన గిరిజన భాషల అనువాద యాప్ ఆదివాణి సంతాలీ, భీలీ, ముండారీ, గోండీలతో మొదలైంది. ముండారీ సవరకు చుట్టమే కాబట్టి ఆశ ఉంది. ఇక్కడ ముందు కావాల్సింది రికార్డింగులు. సంతలో, ఆసుపత్రి ఓపీ దగ్గర, మాట్లాడేవాళ్ల అనుమతి అడిగి తీసుకోవాలి. రాసే పని సవర పిల్లలకే జీతమిచ్చి అప్పగించాలి. భాషలు కలిసిన వాక్యాన్ని సరిదిద్దకుండా ఉన్నదున్నట్టు రాయించాలి, ఎందుకంటే యంత్రం రేపు వినాల్సింది ఆ కలగలుపు మాటే.