బీన్ బ్యాగ్ అంటే కూర్చునేది మాత్రమే కాదు: అపోహలు - వాస్తవాలు

ఆదివారం పొద్దున ఇందిరా పార్కులో నేను సంచి విప్పగానే ఎవరో ఒకరు ఆగి చూస్తారు. బీన్ బ్యాగులు అన్నానంటే, "అంటే సోఫాలా కూర్చునేవా సార్?" అని అడుగుతారు. ఇవి గుప్పెట్లో పట్టే చిన్న గుడ్డ సంచులు, లోపల గింజలు. ఎగరేసి పట్టుకుంటే జగ్లింగ్. కాస్త పెద్దవి తీసుకుని దూరంగా పెట్టిన చెక్క పలక మీదికి విసిరితే కార్న్‌హోల్. నేను రెండూ నేర్పుతాను, కాబట్టి రెండింటి మీదా ఉన్న అపోహలు వారం వారం నా చెవిన పడుతూనే ఉంటాయి.

అపోహ: చేతులు మెరుపులా కదలాలి.

కొత్తవాళ్లందరికీ ఇదే కంగారు. మొదటిది కింద పడిపోతుందేమో అన్న టెన్షన్‌లో రెండోది ముందే వదిలేస్తారు. నిజానికి టైమ్ ఇచ్చేది చేతి వేగం కాదు, విసిరిన ఎత్తు. నడుము దగ్గరున్న చేతి నుంచి 60 సెంటీమీటర్లు పైకి లేచిన సంచి మళ్లీ చేతికి రావడానికి సుమారు 0.7 సెకను పడుతుంది. మూడు సంచులకు అది బోలెడు. పోనీ టైమ్ రెట్టింపు చేద్దామా అంటే ఎత్తు నాలుగింతలు కావాలి, అంటే 2.4 మీటర్లు. మన ఫ్లాట్లలో అక్కడ సీలింగ్ ఫ్యాన్ తిరుగుతుంటుంది. అందుకే నేను వేగం గురించి అసలు మాట్లాడను. ప్రతిసారీ ఒకే ఎత్తు, కళ్లకు కాస్త పైన. సంచి పైకి వెళ్లి ఇక దిగబోతోంది అనిపించగానే తర్వాతది వదలాలి. చూపు కూడా అక్కడే ఉండాలి, చేతుల మీద కాదు. సమాచార సిద్ధాంతానికి పునాది వేసిన క్లాడ్ షానన్‌కి ఈ ఆటంటే పిచ్చి. బంతి గాల్లో ఉండే సమయం, చేతిలో ఉండే సమయం, చెయ్యి ఖాళీగా ఉండే సమయం, ఈ మూడింటినీ కలిపి ఒక సమీకరణమే రాశాడు.

అపోహ: మూడూ గుండ్రంగా తిరుగుతాయి.

కార్టూన్లు నేర్పిన తప్పు ఇది. కుడిచేత్తో పైకి వేసి, ఎడమచేత్తో పట్టి, మళ్లీ కుడిచేతికి అందించడమూ ఒక పద్ధతే, కాదనను. కానీ మొదటిరోజు నేర్చుకోవలసిన ఆట అది కాదు, చాలా కష్టం. సులువైనదాన్ని క్యాస్కేడ్ అంటారు. రెండు చేతులూ సమానంగా విసురుతాయి, సంచులు అడ్డంగా పడుకోబెట్టిన ఎనిమిది అంకెలా దాటుకుంటాయి.

పోయిన చలికాలంలో వాకింగ్‌కి వచ్చిన ఒక పెద్దమ్మ కాసేపు నిలబడి చూసి, "గిదేంది తమ్మీ, మా కచ్చకాయల ఆటే గదా" అంది. రెండు సంచులిస్తే ఒక్క కుడిచేత్తోనే ఎగరేసింది, ఎత్తు వెంట్రుకవాసి తేడా లేకుండా! చిన్నప్పుడు ఒకటి పైకేసి, అది దిగేలోపు నేల మీదివి ఏరుకున్న చెయ్యి మరి. మూడోది ఇవ్వగానే మాత్రం ఎడమచెయ్యి విసరడం మానేసి కుడిచేతికి అందించడం మొదలుపెట్టింది. ఆ ఒక్క అలవాటు వదిలించడానికి మాకు నాలుగు ఆదివారాలు పట్టింది.

అపోహ: టెన్నిస్ బంతులతో మొదలుపెడితే చాలు.

నేనూ అలాగే మొదలుపెట్టాను. నేర్చుకున్నదానికన్నా ఫ్రిజ్ కింద చీపురుపుల్లతో వెతికిందే ఎక్కువ. సంచి పడితే పడ్డచోటే ఉంటుంది. పాత జీన్స్ గుడ్డ, 120 గ్రాముల సజ్జలు, గట్టి దారం సరిపోతాయి. బిర్రుగా నింపకండి, అరచేతిలో కాస్త కుదురుకోవాలి. గింజల్ని ముందు ప్లాస్టిక్ కవర్లో కట్టి ఆ తర్వాత కుట్టండి. నా మొదటి సెట్‌లో కవర్ లేకుండా బియ్యం పోశాను, వానాకాలం వచ్చేసరికి పురుగు పట్టింది. ఇంకో మాట: మంచం ముందు నిలబడి ఆడితే పడ్డవి మంచం మీదే పడతాయి, నడుము బతుకుతుంది.

అపోహ: జగ్లింగ్ చేస్తే పిల్లలకు లెక్కల్లో మార్కులొస్తాయి.

తల్లిదండ్రులు ఆశగా అడుగుతారు. 2004లో జర్మనీ పరిశోధకులు నేచర్ పత్రికలో ప్రచురించింది ఇంతవరకే: మూడు నెలలు జగ్లింగ్ నేర్చుకున్నవాళ్ల మెదడులో, కదిలే వస్తువుల్ని గమనించే భాగంలో గ్రే మ్యాటర్ కొంచెం పెరిగింది, మానేశాక మళ్లీ తగ్గింది. మార్కుల ఊసే లేదు.

అపోహ: కార్న్‌హోల్ అంతా అదృష్టం.

పలక 4 అడుగుల పొడవు, 2 అడుగుల వెడల్పు. పైభాగంలో 6 అంగుళాల రంధ్రం. రెండు పలకల మధ్య దూరం 27 అడుగులు, అపార్ట్‌మెంట్ సెల్లార్‌లో మేము 15కి కుదిస్తాం. సంచి రంధ్రంలో పడితే 3, పలక మీద ఆగితే 1. గొడవంతా లెక్క దగ్గరే. నాకు 5, మీకు 4 వస్తే ఆ రౌండ్‌లో నాకు దక్కేది ఒక్క పాయింటే. 21కి చేరితే గెలుపు. నేరుగా రంధ్రంలోకి గురిపెట్టేవాళ్లు ఓడిపోతుంటారు. సంచిని పళ్లెంలా తిప్పి పలక కింది సగంలో వాలనిస్తే అదే పైకి జారుకుంటూ వెళ్తుంది.

అపోహ: మూడు వస్తే నాలుగూ వచ్చినట్టే, ఇంకోటి కలపడమే.

కాదు, ఆటే మారిపోతుంది. నాలుగులో మామూలుగా సంచులు ఒక చేతి నుంచి ఇంకో చేతికి దాటవు, ఏ చేతి రెండు ఆ చేతికే. మా పెద్దమ్మ ఇప్పుడు దీని మీదే ఉంది. కుడిచెయ్యి తన పని తాను చేసుకుపోతోంది. ఎడమచెయ్యే మొరాయిస్తోంది.